ఓటు ముందు, పౌరసత్వం తరువాత: శ్రీలంక ప్రజాస్వామ్య సంక్షోభాలు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

వయోజనులందరికీ ఓటు హక్కును 1931లోనే పొందిన దేశం శ్రీలంక. అదే దేశం స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్లలోపే లక్షలాది తోట కార్మికుల ఓటును చట్టం ద్వారా తొలగించింది. అంతర్యుద్ధం, 2019 నాటి బాంబుదాడులు, 2022 నాటి ఆర్థిక పతనం అనే ఇటీవలి ఘట్టాలను విడివిడి ప్రమాదాలుగా చూడడం తెలుగు పత్రికా రచనలో పరిపాటి అయింది. వాటి మూలాలను రాజ్యాంగ చరిత్రలో, భాషా విధానంలో, అత్యవసర చట్టాల వినియోగంలో వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శ్రీలంక, సార్వత్రిక ఓటు హక్కు, పౌరసత్వ చట్టం, భాషా విధానం, తోట తమిళులు, కండి నాయకరాజులు, అరగలయ.

1. ఉపోద్ఘాతం:

2022 వేసవిలో తెలుగు పత్రికలలోను, టీవీ చర్చలలోను "మన రాష్ట్రం మరో శ్రీలంక అవుతుందా?" అన్న ప్రశ్న తరచుగా వినవచ్చింది. ఆ ప్రశ్న వేసినవారికి శ్రీలంక గురించి తెలుసుకోవాలన్న ఆసక్తి కన్నా, ఇక్కడి సంక్షేమ పథకాల మీద వాదించడానికి ఒక ఉపమానం కావాలన్న తొందరే ఎక్కువగా కనబడింది. ఉచితాలు పంచి దివాలా తీసిన దేశం అన్న ముద్ర ఆ రోజుల్లో ఎంత బలంగా పడిందంటే, తరగతి గదిలో విద్యార్థులు కూడా దానినే సిద్ధాంతంగా చెప్పేవారు. ఆ ముద్ర ఎంతవరకు నిజమో పరిశీలించాలంటే 2022 నుంచి వెనక్కు, చాలా వెనక్కు నడవాలి. ఆ దారిలో తెలుగు చరిత్రకు సంబంధించిన ఒకటి రెండు మలుపులు కూడా తగులుతాయి. వాటిని మనవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు.

2. కండి సింహాసనం – మధుర నాయకుల బంధువులు:

శ్రీలంక మధ్య కొండలలోని కండి రాజ్యాన్ని 1739 నుంచి 1815 వరకు పాలించినవారు మధుర నాయక వంశాలకు చెందినవారు, మూలంలో తెలుగువారు. సింహళ రాజు వీర నరేంద్రసింహుడు సంతానం లేకుండా మరణించగా, మధుర నుంచి వచ్చిన అతని పట్టపురాణి సోదరుడు శ్రీ విజయ రాజసింహ పేరుతో గద్దెనెక్కాడు. ఆ తరువాత కీర్తిశ్రీ రాజసింహ, రాజాధి రాజసింహ, శ్రీ విక్రమ రాజసింహ వరుసగా పాలించారు.

వీరిలో కీర్తిశ్రీ (1747–1782) పాలన మన అంశానికి ముఖ్యం. శైవ కుటుంబంలో పుట్టిన ఈ రాజు లంకలో అడుగంటిన బౌద్ధ భిక్షు దీక్షను పునరుద్ధరించడానికి సయాం దేశం నుంచి స్థవిరులను రప్పించాడు. 1753లో ఆ ఉపసంపద జరిగింది. నేటికీ శ్రీలంకలో అతిపెద్ద భిక్షు సంప్రదాయంగా ఉన్న సయాం నికాయం అలా మొదలైంది. అయినా 1760లో కొందరు ప్రభువులు, భిక్షువులు కలిసి ఈ రాజును చంపడానికి కుట్ర పన్నారు. అతడు పరాయివాడన్న అభ్యంతరం ఆ కుట్ర వెనుక పనిచేసింది.

1815 మార్చి 2న ఆంగ్లేయులతో కండి ప్రధానులు చేసుకొన్న ఒడంబడికలో ఈ అభ్యంతరం శాసనరూపం ధరించింది. 'మలబారు' జాతికి కండి సింహాసనం మీద ఎలాంటి హక్కూ లేదని అందులో ఒక నిబంధన. బౌద్ధాన్ని, దాని ఆచారాలను కాపాడతామని మరొక నిబంధన. ఆ పత్రం మీద సంతకం చేసిన ప్రధానులలో కొందరు తమిళ అక్షరాలు వాడారని చరిత్రకారులు గుర్తించారు. జాతుల మధ్య గోడలు అంత గట్టిగా లేని కాలంలో, గోడ కట్టమని చెప్పే పత్రం అది. పదవి కోల్పోయిన శ్రీ విక్రమ రాజసింహను వేలూరు కోటకు తరలించారు. 1832లో అక్కడే ఆయన చనిపోయాడు.

ఈ ఒడంబడికే తరువాతి విభేదాలన్నిటికీ కారణమని ఈ వ్యాసకర్త అనడం లేదు. అయితే రాజ్యం ఎవరిది అన్న ప్రశ్నకు జాతి పేరుతో జవాబు చెప్పే పద్ధతి ఆధునిక శాసన భాషలోకి ప్రవేశించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. బౌద్ధానికి ప్రత్యేక రక్షణ అన్న మాట 1972 రాజ్యాంగంలో 'అగ్రస్థానం'గా తిరిగి వచ్చింది.

3. 1931–1949: ఇచ్చిన ఓటు, తీసుకొన్న ఓటు:

డొనమోర్ సంఘం సిఫారసుల మేరకు 1931లో సిలోన్‌లో స్త్రీ పురుషులందరికీ ఓటు హక్కు లభించింది. భారతదేశంలో సార్వత్రిక ఓటుతో తొలి ఎన్నికలు జరిగింది 1951–52లో అన్న సంగతి గుర్తుంచుకొంటే ఆ చర్య ఎంత ముందున్నదో బోధపడుతుంది. యాళ్పాణంలో (జాఫ్నా) యువజన కాంగ్రెసు ఆ తొలి ఎన్నికను బహిష్కరించింది. సంపూర్ణ స్వరాజ్యం ఇవ్వలేదన్నది వారి ఆక్షేపణ.

ఆంగ్లేయుల కాలంలో కాఫీ, తేయాకు తోటల కోసం తమిళనాడు నుంచి వచ్చిన కార్మికులలో చాలామందికి కూడా ఈ ఓటు దక్కింది. 1947 ఎన్నికలలో వారి ప్రతినిధులుగా సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ అభ్యర్థులు తోట ప్రాంతాలలో గెలిచారు. మరికొన్ని చోట్ల వారి ఓట్లు వామపక్షాలకు తోడ్పడ్డాయి. కొత్త ప్రధాని డి.ఎస్. సేననాయక ప్రభుత్వానికి ఇది కంటగింపు అయింది. 1948 పౌరసత్వ చట్టం తండ్రి, తాతల జన్మస్థలానికి ఆధారాలు అడిగింది. జనన ధ్రువపత్రం అన్న మాట కూడా వినని లైను ఇళ్ళలో పుట్టినవారు ఆ ఆధారాలు ఎక్కడి నుంచి తేగలరు? 1949లో ఎన్నికల చట్టాన్ని సవరించి పౌరులు కానివారి ఓటును తొలగించారు. 1952 నుంచి 1977 దాకా ప్రజలు ఎన్నుకొన్న తోట తమిళ ప్రతినిధి ఒక్కరూ పార్లమెంటులో లేరు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఈ పని చేసింది సైన్యమూ కాదు, నియంతా కాదు. ప్రజలు ఎన్నుకొన్న సభ, నిబంధనల ప్రకారం చర్చించి, ఓటు వేసి చేసింది. మైనారిటీలకు హాని చేసే చట్టాలను నిషేధించిన 29వ విభాగం సోల్‌బరీ రాజ్యాంగంలో అప్పటికే ఉంది. అది ఈ చట్టాలను ఆపలేకపోయింది. ఉత్తరాది తమిళ నాయకత్వం కూడా ఈ విషయంలో ఒక్క మాట మీద నిలబడలేదు. జి.జి. పొన్నంబలం ప్రభుత్వంలో చేరగా, ఎస్.జె.వి. చెల్వనాయకం ఆయనతో విభేదించి 1949 డిసెంబరులో ఫెడరల్ పార్టీని స్థాపించారు. నేడు తోట కార్మికులకు జరిగింది రేపు తమకు భాష విషయంలో జరుగుతుందన్న ఆయన అనుమానం ఏడేళ్లలో రుజువైంది.

తోట కార్మికుల కథ అంతటితో ముగియలేదు. 1964 అక్టోబరులో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకేల మధ్య కుదిరిన ఒప్పందం 9,75,000 మందిని లెక్కలోకి తీసుకొని, 5,25,000 మందిని భారతదేశానికి, 3,00,000 మందిని సిలోన్‌కు కేటాయించింది. మిగిలిన 1,50,000 మందిని 1974లో రెండు దేశాలు చెరి సగం పంచుకొన్నాయి. మనుషులను ఇలా భాగించడంలో వారి అభిప్రాయం ఎవరూ అడగలేదు. నీలగిరులలో తమిళనాడు ప్రభుత్వ తేయాకు తోటలు ఏర్పడింది ఇలా తిరిగివచ్చినవారి ఉపాధి కోసమే. లంకలో మిగిలినవారి పౌరసత్వ సమస్య చట్టరీత్యా పూర్తిగా పరిష్కారమైంది 2003లో.

4. 1956: రెండు దేశాలు, రెండు దారులు:

తెలుగు సాహిత్య విద్యార్థికి 1956 అనగానే నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణ స్ఫురిస్తుంది. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ (1952 డిసెంబరు 15), ఆంధ్ర రాష్ట్రం (1953), రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ అన్న క్రమం మనకు కంఠస్థం. అదే 1956లో, ఆంధ్రప్రదేశ్ అవతరణకు కొద్ది నెలల ముందే, పాక్ జలసంధికి అవతల సింహళాన్ని ఏకైక అధికార భాషగా ప్రకటిస్తూ సిలోన్ పార్లమెంటు చట్టం చేసింది. ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే ఎన్నికల వాగ్దానం అది. ఆంగ్ల విద్య లేని సింహళ గ్రామీణ యువకులకు ఉద్యోగాల తలుపులు తెరవాలన్న న్యాయమైన కోరిక దాని వెనుక ఉన్నదన్న విషయాన్ని మరువరాదు. మన భాషోద్యమం వెనుక ఉన్నదీ చాలావరకు అటువంటి కోరికే. అయితే అక్కడ ఒక భాషకు తలుపు తెరిచే పద్ధతి మరొక భాషకు తలుపు మూసేదిగా పరిణమించింది. ఒక భాష అంటే రెండు దేశాలు, రెండు భాషలంటే ఒకే దేశం అన్న అర్థం వచ్చేలా వామపక్ష నాయకుడు కాల్విన్ ఆర్. డి సిల్వా చేసిన హెచ్చరిక ప్రసిద్ధం.

బిల్లు ప్రవేశపెట్టిన 1956 జూన్ 5న కొలంబోలోని గాల్ ఫేస్ మైదానంలో తమిళ నాయకులు సత్యాగ్రహం చేయగా అల్లరిమూకలు వారి మీద దాడిచేశాయి. ఈ మైదానం పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి.

తప్పు దిద్దుకొనే ప్రయత్నం బండారనాయకే చేయకపోలేదు. 1957 జూలైలో చెల్వనాయకంతో ఒప్పందం కుదుర్చుకొని ప్రాంతీయ మండళ్లకు, తమిళ భాషా వినియోగానికి అంగీకరించారు. ప్రతిపక్షం, భిక్షువులు వీధికెక్కడంతో 1958 ఏప్రిల్‌లో దానిని రద్దు చేసుకొన్నారు. ఆ మరుసటి నెలలోనే అల్లర్లు చెలరేగాయి. 1959 సెప్టెంబరులో ఒక భిక్షువు చేతిలో ఆయన హతుడయ్యాడు. ఒక పక్షం రాజీకి సిద్ధపడితే మరో పక్షం దానిని ద్రోహమని చాటి ఓట్లు పోగుచేసుకోవడం ఆ తరువాత కూడా అనేకసార్లు జరిగింది.

భారతదేశపు దారి నిష్కళంకమని దీని అర్థం కాదు. భాషాప్రయుక్త రాష్ట్రాల విషయంలో ఢిల్లీ నాయకత్వం ఎంత వెనుకాడిందో, ఒక ప్రాణం పోయేదాకా ఎలా కదలలేదో మనకు తెలుసు. ఒకే భాష ఉంటే ఒకే రాష్ట్రంగా కలిసి ఉండగలమన్న నమ్మకానికి కూడా 2014లో హద్దు తెలిసివచ్చింది. కాని ఆ తగవులన్నీ రాష్ట్రాల సరిహద్దుల గురించి సాగాయి. ఎవరు పౌరులు, ఎవరు కారు అన్నదాకా అవి పోలేదు.

5. అధ్యక్ష పీఠం, అత్యవసర చట్టాలు:

1970 ఎన్నికలలో గెలిచిన ప్రభుత్వం 1972 రాజ్యాంగంతో తన పదవీకాలాన్ని రెండేళ్లు పెంచుకొంది. పాత 29వ విభాగం ఆ రాజ్యాంగంలో కనుమరుగైంది. 1977లో ఆరింట ఐదు వంతుల స్థానాలు గెలిచిన జె.ఆర్. జయవర్ధనే 1978 రాజ్యాంగంతో కార్యనిర్వాహక అధ్యక్ష పదవిని సృష్టించారు. 1982 డిసెంబరులో ఎన్నికలకు బదులు ప్రజాభిప్రాయ సేకరణ జరిపి పార్లమెంటు కాలాన్ని ఆరేళ్లు పొడిగించుకొన్నారు. ఆ పొడిగింపు అమలులోకి వచ్చే లోపలే 1983 జూలై వచ్చిపడింది. అంతకు రెండేళ్ల ముందు యాళ్పాణం గ్రంథాలయం దగ్ధమై, తాళపత్రాలతో సహా సుమారు 97,000 గ్రంథాలు బూడిదయ్యాయి. ఒక భాషా సాహిత్యాల అధ్యాపకుడిగా ఆ సంఖ్య దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. 1983 ఆగస్టులో ఆరవ సవరణ వేర్పాటు వాదనను నిషేధించింది. తమిళ ఐక్య విమోచన కూటమి సభ్యులు తమ స్థానాలు కోల్పోయారు. మాట్లాడే తమిళులు సభ నుంచి వెళ్లిపోగా, తుపాకి పట్టినవారే మిగిలారు.

యుద్ధ కథనం తెలుగు పాఠకులకు కొంత తెలిసినదే కనుక ఇక్కడ విస్తరించను. 1987 జూలై 29 నాటి ఒప్పందం, భారత శాంతి సేన, 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య, 2009 మే నాటి ముగింపు – ఇవి ప్రధాన ఘట్టాలు. చివరి నెలలలో 40,000 మంది దాకా పౌరులు మరణించి ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో పేర్కొంది. పులులు కూడా 1990 అక్టోబరులో ఉత్తరాది ముస్లింలను ఇళ్ల నుంచి వెళ్లగొట్టారు. బాధితులం అన్న స్పృహ మరొకరిని బాధించకుండా ఆపదని అది చెబుతుంది.

మన పరిశీలనకు మరింత ముఖ్యమైనది 1979 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం. 'తాత్కాలిక' నిబంధనల పేరుతో మూడేళ్లకని తెచ్చిన ఈ చట్టాన్ని 1982లో శాశ్వతం చేశారు. విచారణ లేకుండా పద్దెనిమిది నెలల దాకా నిర్బంధించడానికి, పోలీసు అధికారి ఎదుట ఇచ్చిన వాంగ్మూలాన్ని సాక్ష్యంగా స్వీకరించడానికి అది వీలు కల్పించింది. తమిళ యువకుల కోసం తయారైన ఈ చట్టం, దానితోపాటు అత్యవసర అధికారాలు, 1987–89లో జనతా విముక్తి పెరమున తిరుగుబాటు వేళ సింహళ యువకుల మీదికి మళ్లాయి. వేల సంఖ్యలో మనుషులు మాయమయ్యారు. 2019 తరువాత ముస్లింలు, 2022 ఆగస్టులో విద్యార్థి సంఘ నాయకులు దాని పాలబడ్డారు. కత్తి ఒకటే, మెడలే మారాయి.

6. 2019: తెలిసీ ఆగని దాడి:

2018 అక్టోబరు 26న అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన ప్రధాని రణిల్ విక్రమసింఘెను తొలగించి మహింద రాజపక్సను నియమించారు. ఆపై పార్లమెంటును రద్దు చేశారు. ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం డిసెంబరు 13న ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. రణిల్ తిరిగివచ్చారు గాని, అధ్యక్షుడికి, ప్రధానికి మధ్య పొసగని స్థితి భద్రతా యంత్రాంగం దాకా పాకింది.

2019 ఏప్రిల్ 21న ఈస్టర్ ఆదివారం మూడు చర్చిలు, మూడు హోటళ్లలో ఆత్మాహుతి దాడులు జరిగి సుమారు 270 మంది మరణించారు. భారత నిఘా వర్గాలు ఏప్రిల్ మొదటి వారంలోనే హెచ్చరిక పంపాయి. ఆ హెచ్చరిక అందవలసినవారికి అందలేదు. కొందరికి అంది కూడా కదలిక రాలేదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు సిరిసేనను బాధ్యుడిగా నిర్ణయించి, బాధితులకు పది కోట్ల రూపాయలు చెల్లించమని ఆదేశించింది. భద్రత అంటే సైన్యం పరిమాణమేనన్న నమ్మకానికి ఈ ఘటన గట్టి జవాబు. ముప్పై ఏళ్ల యుద్ధంలో ఆరితేరిన వ్యవస్థ, తనలో తాను మాట్లాడుకోలేక విఫలమైంది. ఆ భయం మీదనే ఆ నవంబరులో గోటబాయ రాజపక్స 52 శాతం ఓట్లతో గెలిచారు.

7. 2022: దివాలాకు కారణం ఉచితాలా?

ఉపోద్ఘాతంలోని ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. శ్రీలంకలో ఉచిత విద్య 1940వ దశకం నాటిది. సి.డబ్ల్యు.డబ్ల్యు. కన్నంగర దానికి కర్త. ఉచిత వైద్యం, రేషను బియ్యం కూడా పాతవే. 1953లో బియ్యం రాయితీ తగ్గిస్తే దేశమంతా హర్తాళ్ జరిగి ప్రధాని డడ్లీ సేననాయక తప్పుకోవలసి వచ్చింది. అక్షరాస్యతలో, శిశు మరణాల తగ్గుదలలో ఆ దేశం దక్షిణాసియాలో ముందు నిలవడానికి ఈ వ్యయమే కారణం. డెబ్బై ఏళ్లుగా ఉన్న పథకాలు ఒక్క 2022లోనే దేశాన్ని ముంచాయనడం తర్కానికి నిలవదు.

మరి జరిగిందేమిటి? 2019 చివరలో కొత్త ప్రభుత్వం విలువ ఆధారిత పన్నును 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించింది. ఇతర పన్నులలోనూ కోతపెట్టింది. ప్రభుత్వ రాబడి జీడీపీలో తొమ్మిది శాతానికి అటు ఇటుగా పడిపోయింది. కోవిడ్‌తో పర్యాటకం ఆగింది. 2007 నుంచి అంతర్జాతీయ విపణిలో అమ్ముతూ వచ్చిన బాండ్ల గడువులు మీదపడ్డాయి. చైనా అప్పు గురించి మనవద్ద ఎక్కువ చర్చ జరిగింది గాని, విదేశీ రుణంలో పెద్ద వాటా ఈ బాండ్లదే. 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించడంతో వరి, తేయాకు దిగుబడులు కూలాయి. నవంబరులో నిషేధం ఎత్తివేసేసరికి ఒక పంట కాలం చేజారిపోయింది. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపివేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ సెప్టెంబరుకు ద్రవ్యోల్బణం 70 శాతానికి చేరువైంది. భారతదేశం ఆ ఏడాది సుమారు 400 కోట్ల డాలర్ల మేర సాయం అందించింది.

ఈ నిర్ణయాలన్నిటిలో ఉమ్మడిగా కనిపించేది ఒకటి ఉంది. అడిగేవారు లేకపోవడం. 2020 అక్టోబరు నాటి ఇరవయ్యవ సవరణ అధ్యక్షుడి అధికారాలను విపరీతంగా పెంచింది. సోదరులు ముగ్గురు అధ్యక్ష, ప్రధాన, ఆర్థిక మంత్రి పదవులలో ఉన్న మంత్రివర్గంలో 'ఎరువులు ఆపితే ధాన్యం ఎలా?' అని నిలదీసే స్థానం ఎవరికీ లేదు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఈ పతనానికి రాజపక్స సోదరులతో పాటు మరికొందరు అధికారులను బాధ్యులుగా తేల్చింది.

2022 ఏప్రిల్ 9న మొదలైన అరగలయ (పోరాటం) శిబిరం వెలసింది గాల్ ఫేస్ మైదానంలోనే. 1956లో తమిళ సత్యాగ్రహులు దెబ్బలు తిన్నచోట, 2022 మే 18న ముళ్ళివాయ్క్కాల్ మృతుల స్మృత్యర్థం గంజి పంచారు. పంచినవారిలో సింహళులూ ఉన్నారు. శిబిరమంతా దానిని ఆమోదించిందని చెప్పలేం. ఉత్తరాదిలో చాలామంది తమిళులు ఈ ఉద్యమాన్ని దూరం నుంచే చూశారు. 'గోటా పో' అన్న నినాదం తాము పుష్కరకాలంగా అంటున్నదే గదా, అప్పుడెవరూ వినలేదే అన్నది వారి బాధ. జూలై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోగా, 13న గోటబాయ మాల్దీవులకు, అక్కడి నుంచి సింగపూరుకు వెళ్లి రాజీనామా పంపారు. తరువాత రణిల్‌ను ఎన్నుకొన్నది పార్లమెంటు. కొత్త అధ్యక్షుడు పదవిలోకి వచ్చిన మరునాడు తెల్లవారుజామున సైనికులు శిబిరాన్ని పీకివేశారు.

8. వర్తమానం:

2019లో మూడు శాతం ఓట్లు తెచ్చుకొన్న అనుర కుమార దిస్సనాయకే 2024 సెప్టెంబరులో అధ్యక్షుడయ్యారు. ఆ నవంబరులో ఆయన నేతృత్వంలోని కూటమి 225 స్థానాలలో 159 గెలిచింది. యాళ్పాణం జిల్లాలోనూ ముందు నిలిచింది. సింహళ ప్రాంతపు పార్టీకి తమిళ ఉత్తరం ఓటు వేయడం చిన్న విషయం కాదు. అయితే ఆ కూటమికి వెన్నెముక జనతా విముక్తి పెరమున. 1987 ఒప్పందాన్ని ఆయుధాలతో ఎదిరించిన పార్టీ అది. ఉత్తర, తూర్పు రాష్ట్రాల విలీనాన్ని 2006లో సుప్రీంకోర్టు కొట్టివేసిందీ ఆ పార్టీవారు వేసిన వ్యాజ్యాల మీదనే. పదమూడవ సవరణ కింద ఏర్పడిన రాష్ట్ర మండళ్లకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2014లో. వాటి పదవీకాలాలు ముగిసినప్పటి నుంచి వాటిని గవర్నర్లు నడుపుతున్నారు. కార్యనిర్వాహక అధ్యక్ష పదవిని రద్దు చేస్తామని 1994లో చంద్రిక కుమారతుంగ, ఆ తరువాత వచ్చినవారిలో పలువురు వాగ్దానం చేశారు. దిస్సనాయకే కూడా చేశారు.

హంబన్‌తోట రేవును 2017లో 99 ఏళ్లకు చైనా సంస్థకు కౌలుకిచ్చిన నాటి నుంచి మన చర్చలన్నీ నౌకల చుట్టూ తిరుగుతున్నాయి. 2022 ఆగస్టులో 'యువాన్ వాంగ్ 5' నౌక అక్కడికి రావడం ఢిల్లీని కలవరపెట్టింది. తమ భూభాగాన్ని భారత్‌కు వ్యతిరేకంగా వాడనివ్వమని దిస్సనాయకే 2024 డిసెంబరులో హామీ ఇచ్చారు. ఇవి ముఖ్యమైన విషయాలే. కాని లంకలో ఇంట్లో ఒక రకమైన తెలుగు మాట్లాడుకొనే అహికుంటకుల వంటి చిన్న సమూహం సంగతి మన పత్రికలలో చూసిన గుర్తు లేదు. పాములాడించి, చేయి చూసి బతికిన ఈ సంచార జాతి మాటకు బడిలో చోటు లేదు. మధుర నుంచి వచ్చిన రాజులకు పుస్తకాలు ఉన్నాయి. వీరి భాష గురించి తెలుగు విశ్వవిద్యాలయాలలో జరగవలసిన పని చాలా ఉంది.

యాళ్పాణం పట్టణం అంచున ఉన్న చెమ్మణి అనే చోట సామూహిక సమాధులున్నాయని 1998లో ఒక కేసులో శిక్షపడిన సైనికుడు కోర్టుకు చెప్పాడు. మరుసటి ఏడాది తవ్వితే పదిహేను మృతదేహాలు బయటపడ్డాయి. ఆపై తవ్వకాలు ఆగిపోయాయి. 2025లో న్యాయస్థానం పర్యవేక్షణలో మళ్లీ తవ్వినప్పుడు రెండు వందలకు పైగా అస్థిపంజరాలు కనిపించాయి. వాటిలో పిల్లలవీ ఉన్నాయి. ఒకదాని పక్కన నీలిరంగు బడిసంచి దొరికింది.